బ్యాంగర్ సిటీ: నాపోలిని ఓడించిన ఊరికి ఇప్పుడు అసలు క్లబ్ ఏది?

మెనాయ్_గాలి (శనివారం, రాత్రి 9:10)

ఈ విభాగంలో మాంచెస్టర్, లివర్‌పూల్ తప్ప మూడో పేరు వినపడదు. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

నేను నార్త్ వేల్స్‌లో బ్యాంగర్ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చేశాను. ఇటు కొండ, అటు మెనాయ్ జలసంధి, మధ్యలో ఒక యూనివర్సిటీ, ఒక పాత కెథీడ్రల్, సాగదీసినట్టుండే ఒక హై స్ట్రీట్. అంతే ఊరు. ఇరవై వేల జనాభా కూడా లేదు. పేరుకి సిటీ, మన లెక్కలో మండల కేంద్రం.

నా గదికి దగ్గర్లో ఫారర్ రోడ్ మీద ఆస్డా సూపర్‌మార్కెట్ ఉండేది. బియ్యం మూట, పెరుగు డబ్బాలు అక్కడే కొనేదాన్ని. ఒకరోజు బిల్లు లైన్లో నా వెనక ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన మాట కలిపాడు. ఏ ఊరు, ఏం చదువు, చలికి తట్టుకుంటున్నావా, ఇలాంటివి. సామాను సంచిలో సర్దుకుంటుంటే మెల్లగా అన్నాడు, "నువ్వు నిలబడిన చోటే నాపోలి ఓడిపోయింది" అని. పెద్దాయన ఏదో అంటున్నాడులే అని నవ్వి వచ్చేశాను. గదికి వచ్చి ఫోన్లో వెతికితే దిమ్మ తిరిగింది.

1962 సెప్టెంబర్ 5న అదే స్థలంలో, అంటే ఫారర్ రోడ్ గ్రౌండ్‌లో, బ్యాంగర్ సిటీ 2-0తో నాపోలిని ఓడించింది. యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ (ఆయా దేశాల కప్ విజేతలు ఆడే పోటీ) మ్యాచ్ అది. బ్యాంగర్ అప్పుడు ఆడేది చెషైర్ కౌంటీ లీగ్ అనే ఇంగ్లండ్ ప్రాంతీయ లీగ్‌లో. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చే ఆటగాళ్ళు.

ఆ గ్రౌండ్ ఇప్పుడు లేదు. ఆ క్లబ్బూ ఇప్పుడు ఆడటం లేదు. దాని బదులు ఇంకో క్లబ్ ఉంది. ఆ కథ చెప్పాలని ఉంది, వింటారా?

ఫాంటసీ_రాజా (9:22)

అక్కా, నాపోలి అంటే మారడోనా నాపోలియేనా? మన ఫోరంలో అతిశయోక్తి అలవాటే కానీ ఇది మరీ ఎక్కువైంది.

లెక్కల_మాస్టారు (9:41)

అతిశయోక్తి కాదు తమ్ముడూ, కానీ సగం నిజం చెప్పి వదిలేస్తే ఎలా. ఆ నాపోలి 1962లో ఇటాలియన్ కప్ గెలిచింది రెండో డివిజన్ జట్టుగా. అప్పుడే పైకి ప్రమోట్ అయ్యింది. మారడోనా వచ్చింది 1984లో. కాబట్టి యూరప్‌లో అత్యుత్తమ జట్టుని పడగొట్టారు అనుకోవద్దు. అయినా జీతాల మీద బతికే ప్రొఫెషనల్స్‌ని పార్ట్‌టైమ్ వాళ్ళు కొట్టారు. అది తక్కువేం కాదు.

ఇక పెద్దాయన సంగతి. ప్రపంచంలో ఏ గ్రౌండ్ సూపర్‌మార్కెట్ అయినా, సరిగ్గా బిల్లు కౌంటర్ దగ్గరే గోల్ పడి ఉంటుంది. ఇది నేను చాలా ఊళ్ళ గురించి విన్నాను.

మెనాయ్_గాలి (9:48)

మాస్టారూ, ఆయన గోల్ అనలేదు. ఓడిపోయింది అన్నాడు. గ్రౌండ్ మొత్తం మీద ఎక్కడైనా ఓడిపోవచ్చు :)

గోల్‌కీపర్_1 (10:05)

అమ్మా, ఈ కథ మొదలుపెట్టినందుకు సంతోషం. నాకు అరవై ఎనిమిది. ఈ మ్యాచ్ గురించి మా కోచ్ చెప్తే మొదటిసారి విన్నాను. మూడు మ్యాచ్‌ల కథ అది, మొదటిదొక్కటే చెప్తే చాలదు.

ఇంటి మ్యాచ్ 2-0. రాయ్ మాథ్యూస్ ఒకటి, పెనాల్టీ మీద కెన్ బర్చ్ రెండోది. తర్వాత నేపుల్స్‌లో 3-1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోల్ జిమ్మీ మెకాలిస్టర్‌ది. రెండు మ్యాచ్‌లూ కలిపితే 3-3. మొన్నమొన్నటి దాకా ఆట చూసిన కుర్రాళ్ళయితే వెంటనే చెప్పేస్తారు, బయట ఊళ్ళో గోల్ కొట్టారు కాబట్టి బ్యాంగరే నెగ్గింది అని. ఆ రూల్ అప్పటికి పుట్టలేదు. 1965-66 సీజన్లో, అదే కప్ విన్నర్స్ కప్‌లో, మొదటిసారి పెట్టారు, 2021లో తీసేశారు. మూడేళ్ళు ముందే పెట్టి ఉంటే నాపోలి ఇంటికి పోయేది.

రూల్ లేదు కనక తటస్థ వేదిక మీద మూడో మ్యాచ్. లండన్‌లో, ఆర్సెనల్ వాళ్ళ హైబరీ స్టేడియంలో, అక్టోబర్ 10న. ఇరవై వేలకు పైగా జనం. అంటే బ్యాంగర్ ఊరి జనాభా కన్నా ఎక్కువ. నాపోలి 2-1తో గెలిచింది. బ్యాంగర్ గోల్ మళ్ళీ మెకాలిస్టర్‌దే. నోటికాడ ముద్ద జారిపోయింది.

ఫాంటసీ_రాజా (10:09)

సార్, ఇది మరీ అన్యాయం. నాకెందుకు ఇప్పుడు కడుపు మండుతోంది?

లెక్కల_మాస్టారు (10:30)

రూల్ లేనప్పుడు అన్యాయం అనేది ఉండదు. కానీ కథ ఇక్కడితో ఆగదు. ఆ రూల్ బ్యాంగర్‌కి బాకీ పడింది కదా, 1985లో తీర్చేసింది.

ముందు 1985లో వాళ్ళు యూరప్‌కి ఎలా వెళ్ళారో చూడండి. వెల్ష్ కప్‌లో అప్పట్లో సరిహద్దు పక్కన ఉన్న ఇంగ్లీష్ క్లబ్బుల్ని కూడా ఆడనిచ్చేవాళ్ళు. ఫైనల్లో ష్రూస్‌బరీ టౌన్ బ్యాంగర్‌ని ఓడించింది. కానీ ష్రూస్‌బరీ ఇంగ్లీష్ ఊరు. వేల్స్ తరఫున యూరప్‌కి పంపలేరు. ఓడిపోయిన బ్యాంగర్‌కి టికెట్ వచ్చింది.

మొదటి రౌండ్లో నార్వే క్లబ్ ఫ్రెడ్రిక్‌స్టాడ్. అక్కడ 1-1, ఇక్కడ 0-0. బయట గోల్ లెక్కతో బ్యాంగర్ ముందుకెళ్ళింది. రెండో రౌండ్లో అట్లెటికో మాడ్రిడ్. ఫారర్ రోడ్‌లో 2-0తో, మాడ్రిడ్‌లో 1-0తో ఓడిపోయారు. మొత్తం 3-0. ఆ అట్లెటికో ఆ సీజన్లో ఫైనల్ దాకా వెళ్ళి డైనమో కీవ్ చేతిలో అదే 3-0తో ఓడింది. అంటే బ్యాంగర్‌ని రెండు మ్యాచ్‌ల్లో అట్లెటికో కొట్టినంతే అట్లెటికోని కీవ్ ఒక్క మ్యాచ్‌లో కొట్టింది. లెక్కలు చెప్పేది ఇలాంటివి చూసి సంతోషించడానికే.

న్యూపోర్ట్_నాని (11:02)

నాన్-లీగ్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ కింది అంచెల) జట్టు అట్లెటికోకి మూడే గోల్స్ ఇచ్చిందా! గౌరవంగా చెప్తున్నా, మా సౌత్ వేల్స్ వాళ్ళూ తక్కువ తినలేదు. మెర్థర్ టిడ్విల్ 1987లో ఇటలీ క్లబ్ అటలాంటాని సొంత గ్రౌండ్ పెనిడారెన్ పార్క్‌లో 2-1తో కొట్టింది, బెర్గామోలో 2-0తో ఓడింది. మా న్యూపోర్ట్ కౌంటీ అయితే 1981లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది, తూర్పు జర్మనీ క్లబ్ కార్ల్ జైస్ యెనా మీద. అక్కడ 2-2, ఇక్కడ 0-1. నేను పుట్టకముందే జరిగిపోయింది కానీ ఆఫీసులో మా టీమ్ లీడ్ నెలకోసారి గుర్తు చేసి బాధపడతాడు.

అన్నట్టు, బ్యాంగర్ వాళ్ళు ఇంగ్లండ్ లీగుల్లో ఆడుతూ వెల్ష్ కప్‌తో యూరప్‌కి ఎలా వెళ్ళేవాళ్ళు? ఈ తికమక కొత్తవాళ్ళకి ఎవరైనా చెప్తే బాగుంటుంది. నేను చెప్తే పక్షపాతం అంటారు.

మెనాయ్_గాలి (ఆదివారం, ఉదయం 7:35)

నేను చెప్తాను, నాకు అర్థమైనంతవరకు.

1992 దాకా వేల్స్‌కి దేశం మొత్తానికి ఒకే జాతీయ లీగ్ లేదు. పెద్దవాళ్ళు కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్ ఇంగ్లీష్ లీగుల్లో. బ్యాంగర్ లాంటి మధ్యస్థులూ ఇంగ్లండ్ నాన్-లీగ్‌లోనే. కానీ వెల్ష్ కప్ మాత్రం వేల్స్‌ది, యూరప్ టికెట్ దాంతోనే వచ్చేది. 1979లో అలయన్స్ ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టినప్పుడు బ్యాంగర్ వ్యవస్థాపక సభ్యురాలు. 1984లో ఎఫ్‌ఏ ట్రోఫీ (నాన్-లీగ్ జట్ల కప్) ఫైనల్ కోసం వెంబ్లీకి వెళ్ళింది కూడా. నార్త్‌విచ్ విక్టోరియాతో 1-1 డ్రా, స్టోక్‌లో జరిగిన రీప్లేలో 2-1తో ఓటమి.

వేల్స్‌కి సొంత లీగ్ లేదు కదా, ప్రత్యేక జాతీయ జట్టు మాత్రం ఎందుకు అని అంతర్జాతీయంగా గుసగుసలు వినపడేవి. దాంతో వెల్ష్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ ఆలన్ ఎవాన్స్ పట్టుబట్టి 1992లో లీగ్ ఆఫ్ వేల్స్ పెట్టించాడు. ఇంగ్లండ్‌లో ఆడే చిన్న క్లబ్బుల్ని వెనక్కి రమ్మన్నారు. ఎనిమిది క్లబ్బులు మేం రాం పొమ్మన్నాయి. బ్యాంగర్ కూడా వాటిలో ఉంది. తర్వాత మనసు మార్చుకుని చేరింది. న్యూపోర్ట్, మెర్థర్, కాల్విన్ బే లాంటివి మొండికేశాయి. వేల్స్‌లో సొంత గ్రౌండ్ వాడకూడదని ఆంక్ష పెడితే సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లో "ఇంటి మ్యాచ్‌లు" ఆడుకున్న క్లబ్బులున్నాయి. నాని, నీ న్యూపోర్ట్ గ్లోస్టర్‌లో ఆడింది కదా?

న్యూపోర్ట్_నాని (7:58)

ఆడింది. కోర్టుకెళ్ళి పోరాడి ఇంటికొచ్చింది. ఆ మొండితనమే తర్వాత లీగ్ టూ (ఇంగ్లండ్ నాలుగో అంచె) దాకా తీసుకెళ్ళింది. లీగ్ ఆఫ్ వేల్స్‌లో చేరిన వాళ్ళకి యూరప్ దొరికింది, మాకు మ్యాచ్‌కి నాలుగు వేల మంది జనం దొరికారు. ఎవరి లాభం వాళ్ళది.

గోల్‌కీపర్_1 (8:40)

లాభం అన్నావు కాబట్టి బ్యాంగర్‌కి కొత్త లీగ్‌లో ఎంత కలిసొచ్చిందో కూడా చెప్పాలి. 1993-94, 1994-95, వరసగా రెండేళ్ళు ఛాంపియన్లు. అప్పుడు ప్లేయర్-మేనేజర్ ఎవరనుకున్నారు? నైజెల్ ఆడ్కిన్స్. ట్రాన్మియర్‌కీ, విగన్‌కీ ఆడిన గోల్‌కీపర్. తర్వాత ఫిజియోథెరపీ చదువుకుని స్కంథోర్ప్‌లో ఫిజియోగా చేరి, అక్కడే మేనేజర్ అయ్యి, ఆ తర్వాత సౌతాంప్టన్‌ని మూడో అంచె నుంచి వరసగా రెండు ప్రమోషన్లతో 2012లో ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్ళాడు. గోల్ పోస్టుల మధ్య నిలబడేవాడికి గ్రౌండ్ అంతా కనిపిస్తుంది. మేనేజర్లుగా మమ్మల్ని ఎక్కువమందిని ఎందుకు పెట్టుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1962 జట్టు మేనేజర్ గురించి కూడా ఒక మాట. టి.జి. జోన్స్. ఎవర్టన్ 1938-39లో లీగ్ గెలిచినప్పుడు సెంటర్ హాఫ్, వేల్స్‌కి పదిహేడు మ్యాచ్‌లు. బంతిని గుడ్డిగా పైకి తన్నకుండా కాళ్ళ మీద పెట్టుకుని బయటికి తెచ్చేవాడు. ఆ రోజుల్లో డిఫెండర్ అలా చేస్తే గుండె ఆగినంత పని. 1948లో ఇటలీ నుంచి రోమా క్లబ్ కొనడానికి వచ్చింది, విదేశీ మారకద్రవ్యం చిక్కుల్లో బేరం తప్పిపోయింది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆయనే పార్ట్‌టైమ్ కుర్రాళ్ళని పట్టుకుని ఇటలీకి వెళ్ళాడు.

సంధి_ప్రియ (9:15)

నాకు ఫుట్‌బాల్ తెలియదు, తప్పిపోయి వచ్చాను. కానీ వెల్ష్ భాష గురించి ఎవరూ మాట్లాడకపోతే ఎలా!

మనకి స్కూల్లో గసడదవాదేశ సంధి చెప్పారు, గుర్తుందా? వాడు + కొట్టె = వాడుగొట్టె. ముందు మాట ప్రభావంతో క, చ, ట, త, ప వచ్చి గ, స, డ, ద, వ అవుతాయి. వెల్ష్‌లో అచ్చం అలాంటిదే ఉంది. క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది, బ వ అవుతుంది. అందుకే వేల్స్‌ని "కమ్రీ" అంటారు, కానీ సరిహద్దు దగ్గర బోర్డు మీద "వేల్స్‌కి స్వాగతం" అనాలంటే "క్రోయ్‌సో ఇ గమ్రీ". బ్యాంగర్‌కి అనాలంటే "ఇ వాంగోర్". బ్యాంగర్‌లో అనాలంటే "అమ్ మాంగోర్". ఊరు పేరే మారిపోతుంది!

ఫుట్‌బాల్‌కి వాళ్ళ మాట "పేల్-ద్రోయ్‌ద్". పేల్ అంటే బంతి, త్రోయ్‌ద్ అంటే పాదం. రెండూ కలిస్తే త వచ్చి ద అయ్యింది. చిన్నయసూరి గారు బ్యాంగర్‌లో దిగి ఉంటే వారంలో భాష పట్టేసేవారు.

ఫాంటసీ_రాజా (9:19)

ఫుట్‌బాల్ థ్రెడ్‌లో గసడదవాదేశం. పదో తరగతి పీడకల మళ్ళీ వచ్చింది.

మోడరేటర్ (9:30)

సంధి ఉండనివ్వండి, బాగుంది. రెక్సమ్ సినిమా హీరోల ఓనర్ల గురించి మాత్రం వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ మొదలుపెట్టొద్దు.

గోల్‌కీపర్_1 (10:20)

ఒక తేదీ గురించి రాత్రంతా ఆలోచిస్తున్నాను. బ్యాంగర్ నాపోలిని కొట్టింది 1962 సెప్టెంబర్ 5. దానికి సరిగ్గా ముందురోజు, సెప్టెంబర్ 4న, జకార్తాలో మన దేశం దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. జట్టులో మన యూసుఫ్ ఖాన్. రహీమ్ సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది పోయారు.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ మాట చెప్తే ఇవాళ మన ఊళ్ళోనే కుర్రాళ్ళు నమ్మరు, పోలీసులకి ఫుట్‌బాల్ ఏంటి అంటారు. అందుకే ఆ పెద్దాయన ఆస్డాలో ముక్కూ మొహం తెలియని అమ్మాయికి ఎందుకు చెప్పాడో నాకు అర్థమైంది.

మెనాయ్_గాలి (10:44)

సార్, ఇది నాకు తెలియదు. ఒక్క రోజు తేడానా! ఆ పెద్దాయన మళ్ళీ కనిపించి ఉంటే చెప్పేదాన్ని.

లెక్కల_మాస్టారు (11:30)

తేదీలు రెండూ సరైనవే. చూసుకున్నాను.

ఇక అసలు గొడవకి వద్దాం. బ్యాంగర్‌కి 2008, 2009, 2010లో వరసగా మూడు వెల్ష్ కప్‌లు. లనెల్లి, అబెరిస్ట్‌విత్, పోర్ట్ టాల్బట్ మీద ఫైనల్స్. మొత్తం చరిత్రలో ఎనిమిది. 2010-11లో చివరి రోజు టీఎన్ఎస్ (ద న్యూ సెయింట్స్ క్లబ్)తో సొంత గ్రౌండ్‌లో 1-0 గెలిచి లీగ్ కొట్టారు. మేనేజర్ నెవిల్ పావెల్. ఆ ఏడాది చివర్లోనే ఫారర్ రోడ్‌కి వీడ్కోలు చెప్పి ఊరి చివర నాంట్‌పోర్త్‌కి మారారు. 1920 నుంచి ఆడిన చోటు. స్థలం అమ్ముడుపోయింది, ఆస్డా వచ్చింది.

అదే 2011 వేసవిలో ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో హెల్సింకి జట్టు హెచ్‌జేకే చేతిలో ఇక్కడ 3-0, అక్కడ 10-0. నేను లెక్కలు ప్రేమించేవాణ్ణే కానీ ఇది చూసి కళ్ళు మూసుకున్నాను.

ఫాంటసీ_రాజా (11:33)

పది??

లెక్కల_మాస్టారు (11:34)

పది. కానీ అంతకుముందు ఏడాది ఫిన్లండ్ జట్టు హోంకానే 1-1, 2-1తో దాటారు, అది కూడా రాసుకో. ఆ తర్వాత మరీటిమో 8-2 కొట్టింది, అది రాసుకోకపోయినా పర్లేదు.

మెనాయ్_గాలి (మధ్యాహ్నం 1:15)

ఇప్పుడు కష్టమైన భాగం. నేను బ్యాంగర్‌లో ఉన్నప్పుడు జనం ఎక్కువ మాట్లాడింది దీని గురించే కానీ, ఎవరినీ పేరు పెట్టి తిట్టను, అందరికీ తెలిసిన సంగతులే చెప్తాను.

చిన్న వెల్ష్ క్లబ్‌కి యూరప్ అంటే పరువు ఒక్కటే కాదు, డబ్బు కూడా. యూరప్‌లో ఒక్క క్వాలిఫయింగ్ రౌండ్ ఆడితే వచ్చేది ఏడాది పొడవునా గేటు దగ్గర పోగయ్యే చిల్లర కన్నా ఎక్కువ. దాంతో యూరప్ వస్తుందని ముందే ఖర్చుపెట్టడం, రాకపోతే చేతులెత్తేయడం. బయటి నుంచి వచ్చే ఓనర్లకీ ఆ ఆశే.

2017-18లో బ్యాంగర్ సిటీ లీగ్‌లో రెండో స్థానం. అంటే యూరప్ ఖాయం. కానీ ఆర్థిక లెక్కలు సరిగ్గా లేవని అసోసియేషన్ పై అంచె లైసెన్స్ ఇవ్వలేదు. గ్రౌండ్‌లో రెండో స్థానంలో ఉన్న జట్టు కాగితాల మీద కిందికి దిగిపోయింది. యూరప్ పోయింది, జీతగాళ్ళు పోయారు. మరుసటి సీజన్లో అర్హత లేని ఆటగాళ్ళని ఆడించారని పాయింట్ల కోత.

2019లో ఇటలీ నుంచి కొత్త యాజమాన్యం. 1962 గుర్తున్న ఊరికి ఇటలీ వాళ్ళే వచ్చారు చూడండి. మేనేజర్‌గా పెద్రో పాస్కుల్లిని తెచ్చారు. 1986లో ప్రపంచ కప్ గెలిచిన అర్జెంటీనా జట్టులో ఆడినవాడు, ఉరుగ్వే మీద గోల్ కొట్టినవాడు. వేల్స్ రెండో అంచెలో, వర్షంలో!

అదీ నిలవలేదు. ఆటగాళ్ళకి జీతాలు బకాయి పడ్డాయి, 2021 చివర్లో సస్పెన్షన్, 2022 మొదట్లో లీగ్ నుంచి తప్పుకోవడం. 1876లో పుట్టిన క్లబ్.

న్యూపోర్ట్_నాని (1:40)

జీతాలు ఆగడం దగ్గర నాకు మాట రాలేదు. ఆ అంచెలో కుర్రాళ్ళకి అది జేబు ఖర్చు కాదు, ఇంటి అద్దె.

మెనాయ్_గాలి (1:52)

అవును. కానీ అభిమానులు అప్పటిదాకా చూస్తూ కూర్చోలేదు. 2019లోనే సమావేశం పెట్టుకుని ఓటేసుకుని సొంత క్లబ్ మొదలుపెట్టారు. బ్యాంగర్ 1876. సభ్యులే యజమానులు. ఐదో అంచెలో గ్వినెద్ లీగ్‌లో మొదలు, యూనివర్సిటీ వాళ్ళ ట్రెబోర్త్ గ్రౌండ్‌లో. అంటే కొన్నాళ్ళు ఒకే ఊళ్ళో రెండు బ్యాంగర్‌లు ఉన్నాయి. ఒకదానికి పేరుంది, జనం లేరు. ఇంకోదానికి జనం ఉన్నారు, పేరు సగమే. కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి 2023లో రెండో అంచె సిమ్రూ నార్త్‌కి వచ్చారు, నాంట్‌పోర్త్‌లోనే ఆడుతున్నారు.

నా ప్రశ్న ఇదే. నాపోలిని ఓడించింది ఎవరు? ఆ 2-0 ఇప్పుడు ఎవరి ఖాతాలో?

సంధి_ప్రియ (1:55)

అక్కా, "సిమ్రూ" కాదు, "కమ్రీ". పైన చెప్పాను కదా.

మెనాయ్_గాలి (1:56)

రెండేళ్ళున్నా నాలుక తిరగలేదు, క్షమించు తల్లీ. కమ్రీ నార్త్.

లెక్కల_మాస్టారు (2:20)

నా జవాబు సూటిగా చెప్తాను. రికార్డు పుస్తకంలో బ్యాంగర్ సిటీ అని ఉంది. 1876 పేరుతో ఉన్న క్లబ్ 2019లో పుట్టింది. 2019లో పుట్టినవాడు 1962లో గోల్ కొట్టలేడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ఉంటుంది. వాళ్ళ ప్రయత్నం గొప్పదే, కాదనను. కానీ ట్రోఫీలు లెక్కేసేటప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

న్యూపోర్ట్_నాని (2:31)

మాస్టారూ, ఈ లెక్క ప్రకారం మా న్యూపోర్ట్‌కి కూడా సున్నానే. 1989లో దివాలా తీసింది. అభిమానులే కొత్త క్లబ్ పెట్టుకున్నారు, పేరు న్యూపోర్ట్ ఏఎఫ్‌సీ. 1999లో పాత పేరు తిరిగి తెచ్చుకున్నారు. 2013లో వెంబ్లీలో రెక్సమ్‌ని 2-0తో కొట్టి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు (మోడరేటర్ గారూ, ఇది హీరోలు రాకముందు, కాబట్టి చెల్లుతుంది). ఇవాళ మా స్టేడియంలో ఎవరినైనా 1981 ఎవరిది అని అడిగి చూడండి, బయటికి నడిచి రాగలిగితే నాకు ఫోన్ చేయండి.

లెక్కల_మాస్టారు (2:38)

వాళ్ళు పేరు తెచ్చుకున్నారు. అదే నేను చెప్పేది. పేరు లేకుండా కుదరదు.

గోల్‌కీపర్_1 (3:10)

మాస్టారూ, మీరంటే గౌరవం, కానీ ఇక్కడ ఒప్పుకోను. ఇల్లు అమ్ముడుపోతే ఇంటి పేరు పోతుందా? ఊరేగింపు విగ్రహం, బాజాలు, భక్తులు అంతా ఇటు వచ్చేశాక గుడి తాళం ఎవరి దగ్గరుంటే ఏం? 1962లో ఆ గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళ కొడుకులు, మనవలు 2019లో ట్రెబోర్త్‌లో గడ్డి కోశారు. జట్టు చొక్కా నీలం రంగే.

లెక్కల_మాస్టారు (3:22)

గుడి తాళం పోలిక బాగుంది కానీ, మాన్యాల పట్టా ఎవరి పేరు మీదుందో కూడా చూస్తారు కదా సార్. బ్యాంగర్ సిటీ కంపెనీ అప్పులు 1876 వాళ్ళు తీరుస్తామన్నారా? లేదు. అప్పులొద్దు, కప్పులు కావాలంటే ఎలా?

సంధి_ప్రియ (3:25)

"అప్పులొద్దు, కప్పులు కావాలి." దీన్ని బ్యానర్ చేయించొచ్చు.

మెనాయ్_గాలి (4:05)

మాస్టారి మాట గుచ్చుకుంది. అందుకే ఒకటి చెప్పాలి.

నేను ఊరు వదిలి వచ్చేసే ముందు ఒక శనివారం నాంట్‌పోర్త్‌లో మ్యాచ్‌కి వెళ్ళాను. గ్రౌండ్ కొండవాలు మీద, కింద మెనాయ్ నీళ్ళు. గాలి ఎలా ఉంటుందంటే, గోల్‌కీపర్ కొట్టిన బంతి పైకి వెళ్ళి ఆలోచించుకుని వెనక్కి వస్తుంది. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఆవిడకి డబ్బులిస్తే చేతి మీద ముద్ర వేసింది. పక్కన టీ కొట్టు, కాగితపు కప్పులు, వెల్ష్‌లో అరుపులు. ఆట గొప్పగా లేదు. నిజం చెప్పాలంటే మొదటి సగం నాకు నిద్రొచ్చింది.

నా ముందు వరసలో ఒక తాత, ఏడెనిమిదేళ్ళ మనవడు. తాత మెడలో మాసిపోయిన నీలం కండువా. దాని మీద పాత క్లబ్ గుర్తు. మనవడి మెడలో కొత్త కండువా, కొత్త గుర్తు. సగం ఆట అయ్యాక వాన మొదలైతే తాత తన కండువా తీసి పిల్లాడి తలకి చుట్టేశాడు. రెండు గుర్తులూ ఒకే తల మీద. ఆ పిల్లాడికి ఏది 1876, ఏది సిటీ అన్న బాధ లేదు. చెవులు కప్పుకుంటే చాలు వాడికి.

మాస్టారూ, ఇది వాదన కాదు, చూసింది చెప్పాను.

లెక్కల_మాస్టారు (4:30)

వాదన కాదన్నావు కాబట్టి కాదనను. ఒక మెట్టు దిగుతాను. రికార్డు పుస్తకంలో రెండు వేరువేరు వరసలు, మధ్యలో చుక్కల గీత. అంతకంటే దిగను.

గోల్‌కీపర్_1 (4:41)

చుక్కల గీత చాలు. గీత ఉన్నట్టే లెక్క.

న్యూపోర్ట్_నాని (5:02)

ఇంకో మాట మర్చిపోయాం. ఇంత గొడవలో వేల్స్ దేశవాళీ లీగ్ ఏం పాడైపోలేదు. టీఎన్ఎస్ 2016లో వరసగా 27 మ్యాచ్‌లు గెలిచి ఎప్పుడో 1972లో అయాక్స్ పెట్టిన రికార్డు దాటింది. 2024లో కాన్ఫరెన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ) ప్రధాన దశకి చేరింది, వేల్స్ లీగ్ నుంచి అదే మొదటిసారి. కజకిస్తాన్ క్లబ్ అస్తానాని 2-0తో కొట్టింది కూడా. కాకపోతే వాళ్ళ గ్రౌండ్ ఉన్నది ఇంగ్లండ్‌లోని ఆస్వెస్ట్రీలో. ఆ అస్తానా మ్యాచ్ ఆడింది ష్రూస్‌బరీలో. ష్రూస్‌బరీ! 1985లో మాస్టారు చెప్పిన అదే ఊరు.

లెక్కల_మాస్టారు (5:06)

అప్పుడు ఇంగ్లీష్ ఊరని వద్దన్నారు, ఇప్పుడు ఇంటి గ్రౌండ్ అన్నారు. దీనికి లెక్క నా దగ్గర కూడా లేదు.

కొత్త_మెంబర్_శ్రావణి (రాత్రి 8:50)

అందరికీ నమస్తే, ఇప్పటిదాకా చదవడమే కానీ రాయలేదు. వచ్చే సెప్టెంబర్‌లో నాకు బ్యాంగర్‌లో సీటు వచ్చింది. వెతుకుతుంటే ఈ థ్రెడ్ దొరికింది. మ్యాచ్ చూడాలనిపించింది. స్టేషన్ నుంచి నాంట్‌పోర్త్‌కి ఎలా వెళ్ళాలి అక్కా? ఒక్కదాన్నే వెళ్తే పర్లేదా?

మెనాయ్_గాలి (9:05)

కంగ్రాట్స్ శ్రావణీ! స్టేషన్ బయటికి వచ్చి హోలీహెడ్ రోడ్ పట్టుకుని మెనాయ్ వంతెన వైపు నడు, అరగంట లోపే వస్తుంది. ఒక్కదానివే వెళ్ళొచ్చు, నీ పక్కన కూర్చున్నవాళ్ళే టీ కొనిపెడతారు. గొడుగు తీసుకెళ్ళకు, ఆ గాలికి తిరగబడిపోతుంది. టోపీ ఉన్న మంచి వాన కోటు ఒకటి కొనుక్కో.

బియ్యం ఫారర్ రోడ్ ఆస్డాలో దొరుకుతుంది.

గోల్‌కీపర్_1 (9:12)

అమ్మా శ్రావణీ, లైన్లో ఆ పెద్దాయన కనిపిస్తే, సెప్టెంబర్ 4 సంగతి చెప్పు.